ఎడం మర

మిరపకాయ టిక్కీలతో గుంటూరు యార్డులో బయల్దేరిన బండి
మంగళగిరి దాటేసరికి ఆయాసపడి,
నల్లటి పొగ కక్కుకుంటూ
వారధి మీద సైకిళ్ళకి కూడా దారిచ్చి
ఆటోనగర్‌లో నా షెడ్డు ముందు ఆగింది.
ఏసోబు దిగి, తువ్వాలు దులిపి
"లాగట్లేదు మీరా" అన్నాడు.
మిర్చి ఘాటేదో, మాడిన ఆయిల్ ఘాటేదో
తేల్చుకోలేక ముగ్గురం తుమ్మాం.

గొట్టం ఊడదీసి లోపలికి వేలు పెట్టాను.
ఊదితే తిరగాల్సిన చక్రం.
నిమిషానికి లక్ష చుట్లు తిరిగిన చక్రం.
బిగుసుకుపోయింది.

మానిఫోల్డుకి నాలుగు నట్లు.
మూడు మాట విన్నాయి.
నాలుగోదానికి డీజిల్ పోశాం, మధ్యాహ్నం అన్నం తినొచ్చాం,
గ్యాసు మంట చూపించాం,
స్పానరుకి పైపు తొడిగి ఇద్దరం వేలాడితే
కీచుమని, ఒక్క పిసరు.
ఆ పిసరు చాలు.

విప్పే ముందు సుద్దతో గీతలు గీశాను:
ఏది ఎటు చూస్తూ ఉండేదో
మళ్ళీ అటే చూడాలి కదా.

"బాజీ, ఈ నట్టు ఎటు తిప్పుతావు?"
"ఎడమకి."
"అది నీ చేతి అలవాటు. దీనిది ఎడం మర.
కుడికి తిప్పితేనే ఊడుద్ది."
వాడి వయసులో నేనూ ఎడమకే తిప్పాను.
షాఫ్టు విరిగింది,
కోటిలింగం మేస్త్రి చెంప మీద ఒకటిచ్చాడు.
ఎడం చెవి ఇప్పటికీ సరిగా వినపడదు.
ఆ దెబ్బకో, ముప్ఫై ఏళ్ళ ఇంజన్లకో, నాకు తెలీదు.
స్పానరు బాజీ చేతికే ఇచ్చాను.

లోపల, మాడిన పప్పుగిన్నె అడుగు.
బేరింగులు షాఫ్టుకి అతుక్కుపోయి ఉన్నాయి.
నూనె పైపులో సన్నతీగ దూర్చితే
బెత్తెడు పోయి ఆగింది.
"ఏసోబూ, బండి ఎలా ఆపుతావు?"
"ఎలా ఆపుతాను? బొప్పూడి దాటాక బ్రేకు ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు.
ముందు ఇంజన్ ఆపరా అన్నాడు. ఆపాను."
"ఎన్నిసార్లు?"
"ఎత్తినన్నిసార్లు."

ఇంజన్ ఆగింది.
చక్రానికి ఆ సంగతి తెలీదు.
చుక్క నూనె రాని చీకట్లో
తన వేడిలో తనే తిరిగింది, తిరిగింది.

కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టాం.
పొద్దున గాజుపలక మీద షాఫ్టు దొర్లించి చూస్తే
వంకర లేదు, అదృష్టం.
మూడో రోడ్డులో ప్రభావతి బాలన్సింగు మిషను మీద ఎక్కించి
"ఒక పక్క నూకగింజంత బరువుంది అన్నా" అని
చెవిపోగు సరిచేసుకుంటూ అంత మేర గీరి ఇచ్చింది.
కొత్త బేరింగులు, కొత్త రింగులు, కొత్త నూనె పైపు.
పాతది కడిగితే చాలదా అన్నాడు ఓనరు ఫోన్లో.
చాలదన్నాను. ఫోను పెట్టేశాడు.

బిగించే ముందు నూనె రంధ్రంలో నూనె పోసి
వేలితో తిప్పుతూ కూర్చున్నాను,
కింద నుంచి చుక్క రాలేదాకా.
స్టాపు లాగి పట్టి బాజీ సెల్ఫు కొట్టాడు,
మూడుసార్లు, ఉత్తినే.
నాలుగోసారి వదిలాడు.

కుడిచెవి అటు తిప్పి విన్నాను.
గరగర లేదు. సన్నటి ఈల,
దూరంగా ఎవరో పాలు పొంగాయని పిలిచినట్టు.

"సరే మీరా" అని ఏసోబు తాళం మీద చెయ్యేశాడు, ఆపడానికి.
మణికట్టు పట్టుకున్నాను.
"రెండు నిమిషాలు. ఊరికే తిరగనీ. తర్వాత ఆపు."
"మళ్ళీ చెయ్యెత్తితే ఏం చెప్పను?"
నా వేళ్ళ కింద అతని నాడి
ఇంజన్ కన్నా వేగంగా ఉంది.
చెయ్యి వదిలాను. జవాబు చెప్పలేదు.

బాజీ బానెట్ దగ్గర నిలబడి
పైకే లెక్కపెడుతున్నాడు.
డెబ్భై దగ్గర ఏసోబు సీటుకి వెనక్కి వాలాడు.
తొంభై దగ్గర కళ్ళు మూసుకున్నాడు.
నూట ఇరవై దాటింది.
ఎవరమూ ఆపమని అనలేదు.